పిస్కాటవే గరాజ్‌లో మారిన పలకలు

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద పార్కింగ్ దొరికిందంటే లాటరీ తగిలినట్టే. అటువంటిది ఆ రోజు ఒక మనిషి కారుని ఫైర్ హైడ్రంట్ పక్కనే వదిలేసి, చీరల కొట్టు పక్క మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, మేడ మీది గదిలోకి తోసుకొచ్చాడు. టికెట్ పడుతుందన్న భయం కన్నా పెద్ద భయమేదో అతన్ని తరుముతోందని తేజేశ్వర్‌కి చూడగానే అర్థమైపోయింది.

ఆ గది తలుపు మీద ‘సుమతి, ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్’ అని ఉంటుంది. సుమతికి యాభై మూడేళ్ళు. ఇరవై రెండేళ్ళపాటు ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి అగ్నిప్రమాదాల క్లెయిములు తనిఖీ చేసింది. కాలిపోయిన వంటింటిని చూసి ఆ రోజు పొయ్యి మీద ఉన్న కూరేమిటో చెప్పగలదని తేజేశ్వర్ ఊరంతా చాటుతుంటాడు. అందులో కొంత అతిశయోక్తి ఉంది, కొంత లేదు. తేజేశ్వర్‌ది వరంగల్. ఎనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేసి, ఇప్పుడు భార్య హెచ్-వన్ పుణ్యమా అని వచ్చిన డిపెండెంట్ వర్క్ పర్మిట్ మీద సుమతికి అసిస్టెంట్‌గా ఉంటున్నాడు. తప్పులు పట్టడంలో తనంతవాడు లేడని అనుకునేవాడు, ఈవిడ దగ్గర చేరేదాకా.

“మేడమ్, సాయంత్రం ఆరు లోపల నేను దొంగని కాదని ప్రూవ్ చెయ్యాలి,” అన్నాడు వచ్చినవాడు, కూర్చోకుండానే.

సుమతి పెరుగన్నం డబ్బాకి మూత పెట్టింది. “ముందు మంచినీళ్ళు తాగండి. ఆరింటికి ఏమవుతుంది?”

“కౌస్తుభ్ పోలీసులకి ఫోన్ చేస్తాడు. నా పేరు చెబుతాడు. నెక్స్ట్ మంత్ మా గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ మేడమ్. పన్నెండేళ్ళ వెయిటింగ్. పాపకి ఇంకా నెల కూడా నిండలేదు.”

గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. అతని పేరు శ్రీధర్. ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్, వైద్య పరికరాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతని స్నేహితుడు కౌస్తుభ్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, మెకానికల్ ఇంజనీరు. పిస్కాటవేలో తల్లితో ఉంటూ, ఆ ఇంటి గరాజ్‌లో ఎనిమిది నెలలుగా రోజిన్ ప్రెస్ ఒకటి తయారు చేస్తున్నాడు.

“రోజిన్ ప్రెస్ అంటే?” తేజేశ్వర్ నోట్‌బుక్ తెరిచాడు.

“గంజాయి మొగ్గల్ని సన్నటి జల్లెడ సంచిలో పెట్టి, రెండు వేడి పలకల మధ్య జాకీతో నొక్కితే జిగురు కారుతుంది. దాన్నే రోజిన్ అంటారు. కెమికల్స్ ఏమీ ఉండవు. న్యూజెర్సీలో పెద్దవాళ్ళకి అది లీగలే కదండీ. ఇంట్లో పెట్టుకునే చిన్న ప్రెస్‌లకి మంచి గిరాకీ. కొందరు కొనుక్కుంటారు, కొందరు సొంతంగా కట్టుకుంటారు. అన్నిటికీ ఒకటే జబ్బు. పలక మధ్యలో కాలిపోతుంది, అంచుల్లో చల్లగా ఉంటుంది. కౌస్తుభ్ పలకలకి ఆ జబ్బు లేదు. ఏ రంధ్రం ఎక్కడ, ఎంత లోతు పెట్టాలో కనిపెట్టాడు. జీనియస్ మేడమ్ వాడు!”

తనని దొంగ అన్నవాణ్ణి ఇంతలా మెచ్చుకునే మనిషిని సుమతి ఆసక్తిగా చూసింది. “మరి మీ పాత్ర ఏమిటి?”

“వేడిని కంట్రోల్ చేసే బాక్స్‌కి కోడ్ రాశాను. పైసా తీసుకోలేదు. సరదాకే.”

“సరదాకే అంటే ఇమిగ్రేషన్ ఆఫీసరు నమ్ముతాడా?”

“నమ్మడు. నా భయం అదే. స్టేట్ లా ఎలా ఉన్నా ఫెడరల్ లా వేరు. గంజాయి అన్న మాట నా ఫైల్‌లో పడితే చాలు. పైగా హెచ్-వన్ మీద ఉండి బయట పని చేశానంటారు.”

జరిగింది ఇది. మర్నాడు, శనివారం పొద్దున పదింటికి పెన్సిల్వేనియా నుంచి ఒక కంపెనీవాళ్ళు ప్రెస్ చూడ్డానికి వస్తున్నారు. ఈ పొద్దున కౌస్తుభ్ రిహార్సల్‌గా పలకలు వేడి చేస్తే రెండు నిమిషాల్లోనే తేడా తెలిసింది. ఆపేసి, విప్పి కొలిచాడు. సెన్సర్ రంధ్రం లోతు పావు అంగుళం తక్కువ. చూడ్డానికి అచ్చం తన పలకలే, కానీ తనవి కావు. ఎవరో మార్చేశారు. పలకా, హీటర్ రాడ్లూ, వైరూ అన్నీ కలిసి ఒకే సెట్ కాబట్టి, నాలుగు బోల్టులూ ఒక ప్లగ్గూ తీస్తే పది నిమిషాల పని. గరాజ్ ముందు కెమెరాలో బుధవారం సాయంత్రం ఆరింటికి శ్రీధర్ బరువైన సంచితో బయటికి వెళుతూ కనిపించాడు.

“సంచిలో ఏముంది?” అంది సుమతి.

శ్రీధర్ తల వంచుకున్నాడు. “తెలగపిండి,” అని గొణిగాడు.

“గదేంది?” అన్నాడు తేజేశ్వర్.

సుమతి పకపకా నవ్వింది. “నువ్వులు గానుగాడి నూనె తీశాక మిగిలే పిండి. బాలింతలకి కూర వండి పెడతారు, పాలు పడతాయని. మా గోదావరి వైపు అది లేకపోతే బాలింత పథ్యమే లేదు.”

“మా అత్తగారు రావలసింది, వీసా రాలేదు,” అన్నాడు శ్రీధర్. “రోజూ వీడియో కాల్‌లో అదే ప్రశ్న, తెలగపిండి దొరికిందా అని. మా ఆవిడ నమ్రత ఏడుస్తోంది. ఈ రోడ్డు మీద ప్రతి కొట్లో అడిగాను. నూనె ఎంత కావాలంటే అంత ఉంది, పిండి ఒక్కడి దగ్గరా లేదు. అప్పుడు తట్టింది మేడమ్. ఆ ప్రెస్‌లోంచి కారేదే అందరికీ కావాలి. నాకు లోపల మిగిలేది కావాలి!”

అప్రయత్నంగా అతని కళ్ళు మెరిశాయి, వెంటనే ఆరిపోయాయి. బుధవారం ఆఫీసుకి సెలవు పెట్టి, కౌస్తుభ్ లేని సమయంలో వెళ్ళాడు. కౌస్తుభ్ తల్లి పద్మజగారు బాలింత మాట వినగానే గరాజ్ తెరిచేసింది. ప్రెస్ మీద ‘తినే వస్తువులు పెట్టరాదు’ అని కౌస్తుభ్ పెద్ద అక్షరాలతో అంటించిన కాగితాన్ని ఇద్దరూ చూడనట్టు నటించారు. మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరింటిదాకా నాలుగు కిలోల నువ్వులు నొక్కాడు.

“మొదటి సంచి పగిలిపోయింది. నూనె అంతా పలకల మీంచి కిందికి కారింది. రాడ్ల రంధ్రాల్లోకి కూడా దిగింది. బయటంతా ఆల్కహాల్‌తో తుడిచాను గానీ రంధ్రాల్లోకి గుడ్డ వెళ్ళదు కదా. వాడికి చెప్పొద్దని ఆంటీ ఒట్టు వేయించుకున్నారు. అయినా పిండి చూపించి ఏం లాభం? దాని కింద పలకలు లేవని ఎలా ప్రూవ్ చేస్తాను?”

“ఆ మాట నిజమే,” అని సుమతి లేచి హ్యాండ్‌బ్యాగ్ అందుకుంది. “తేజా, కారు తియ్యి. శ్రీధర్‌గారూ, ముందు మీ కారు అక్కణ్ణుంచి కదల్చండి. అయిదింటికి పిస్కాటవే రండి.”

* * *

ఎడిసన్ దాటేదాకా తేజేశ్వర్ ఓర్చుకున్నాడు. తర్వాత అడిగేశాడు. “మేడమ్, ఈయన చెప్పేది నమ్ముతున్నరా?”

“అబద్ధం చెప్పేవాడు ఇంతకన్నా నమ్మేట్టుగా చెబుతాడు,” అంది సుమతి.

పద్మజగారు వాళ్ళని చెప్పులు విప్పించి మరీ గరాజ్‌లోకి తీసుకెళ్ళింది. కారుండవలసిన చోట నీలంరంగు చాప పరిచి, దాని మధ్యలో బల్ల, బల్ల మీద నడుమెత్తు ఇనప చట్రం. కింద జాకీ, పైన రెండు దళసరి అల్యూమినియం పలకలు, పక్కన వైర్లతో శ్రీధర్ కోడ్ రాసిన చిన్న నల్లడబ్బా. గోడకి లక్ష్మీదేవి పటం, పటం కింద కుంకుమ భరిణె. ఆ వాతావరణంలో అది గంజాయి యంత్రమంటే ఎవరూ నమ్మరు. తేజేశ్వర్ మాత్రం టెస్టర్‌గా పుట్టినందుకు ఆ యంత్రాన్ని చూసి పొంగిపోయాడు. ఎంత ముచ్చటగా ఉందో!

“ఆ ఆకు మా ఇంట్లో అడుగు పెట్టడానికి వీల్లేదని ముందే చెప్పానండీ,” అంది పద్మజగారు. “అందుకే వీడు బీరులో వేసే హాప్స్ పూలతోనే పరీక్షలన్నీ చేస్తాడు. గుళ్ళో అడిగితే మూలికల మిషన్ అని చెబుతాను. అబద్ధమేం కాదుగా.”

“అమ్మా, ప్లీజ్,” అన్నాడు కౌస్తుభ్. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఆంటీ, ఐ ట్రస్టెడ్ హిమ్. శ్రీధర్ నాకు బ్రదర్ లాగా. ఆ బ్యాగ్‌లో ఏముంది అని ఆస్క్ చేశాను. హి వోంట్ టెల్ మీ. హైడ్ చేసేది లేకపోతే వై నాట్ టెల్?”

పద్మజగారు పమిట కొంగు సర్దుకుంటూ పక్కకి చూసింది. సుమతి ఆ చూపు గమనించి, ఆవిణ్ణి అప్పటికి వదిలేసింది.

“బుధవారం నుంచి ఇవాళ పొద్దుటిదాకా ఇందులోకి ఎవరెవరు వచ్చారు?”

“బుధవారం శ్రీధర్. నిన్న మార్నింగ్ నీరజ్, ఈవెనింగ్ రేష్మ. అంతే. నాకు నిన్న ఆఫీస్‌లో లేట్ అయింది, ప్రెస్ టచ్ చేయలేదు.”

నీరజ్, రేష్మ ఇద్దరూ కౌస్తుభ్ కాలేజీ స్నేహితులు. కొనేవాళ్ళతో మాట్లాడే పని నీరజ్‌ది, వీడియోలు రేష్మ చూస్తుంది. నీరజ్ రెండు వారాలు కాలిఫోర్నియాలో ఉండి, గురువారం పొద్దున ఎయిర్‌పోర్ట్ నుంచి సూట్‌కేసుతో నేరుగా ఇక్కడికే వచ్చాడు. తన చార్జర్ వెతుక్కుంటూ పావుగంట ఉన్నాడట. రేష్మ స్టాండూ లైట్లూ ఉన్న పెద్ద సంచి తీసుకుని సాయంత్రం వచ్చి ఇరవై నిమిషాలు ఉంది. అంటే ముగ్గురి చేతుల్లోనూ పలకలు పట్టే సంచులున్నాయి. తేజేశ్వర్ నోట్‌బుక్‌లో ముగ్గురి పేర్లూ రాసి, ముగ్గురికీ ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు.

సుమతి బల్ల ముందు వంగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి పలకల్ని చూసింది. పై పలక ముందు అంచు మీద పసుపు రాసి, మధ్యలో గుండ్రంగా కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పసుపు పచ్చగా, కుంకుమ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

“పూజ చేశారా?”

“చెయ్యకుండా ఎలాగండీ?” పద్మజగారికి ప్రాణం లేచి వచ్చింది. “ఈ పలకలు బిగించిన రోజే, రెండు వారాల కిందట ఆదివారం. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కట్టి, నేనే స్వయంగా బొట్టు పెట్టాను. కౌస్తుభ్, శ్రీధర్, నీరజ్ ముగ్గురూ నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. నీరజ్ ఫొటోలు తీసి అటునుంచి అటే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాడు. రేష్మ రాలేదు, వాళ్ళక్క సీమంతానికి డాలస్ వెళ్ళింది.”

“తర్వాత మళ్ళీ బొట్టు పెట్టారా?”

“లేదండీ. ఆ ఒక్కసారే.”

“ఆ పూజ తర్వాత ప్రెస్ ఎన్నిసార్లు నడిపారు కౌస్తుభ్?”

“ఫార్టీ, ఫార్టీ టూ. ఎవ్రీ ఈవెనింగ్. టూ ట్వంటీ డిగ్రీస్‌లో. నేను, శ్రీధర్. రేష్మ వీకెండ్ వచ్చి షూట్ చేసింది.”

అంతలో రేష్మ వచ్చింది. నిదానస్తురాలు, అడిగినదానికి అడిగినంతే చెప్పే మనిషి. తన ఫోన్‌లో గత ఆదివారం తీసిన వీడియో చూపించింది. పలకలు దగ్గరవుతున్నాయి, బంగారు రంగు జిగురు చుక్క కాగితం మీద జారుతోంది, కౌస్తుభ్ చిన్నపిల్లవాడిలా ఎగురుతున్నాడు. తేజేశ్వర్ కూడా ‘అబ్బ!’ అన్నాడు.

“ఆపు, అక్కడ ఆపు,” అంది సుమతి. “పై పలక ముందు అంచు మీద ఆ మచ్చేమిటి? నల్లగా, పెచ్చులూడినట్టు?”

“ఐ డోంట్ నో ఆంటీ. ఫస్ట్ టైమ్ చూసినప్పటి నుంచీ ఉంది. రస్ట్ అనుకున్నాను. ఎడిట్‌లో తీసేద్దామనుకున్నా.”

సుమతి ఇంకేమీ అడగలేదు. పద్మజగారిని టీ నెపంతో వంటింట్లోకి తీసుకెళ్ళి అయిదు నిమిషాలు మాట్లాడి వచ్చింది. ఈ లోపల కౌస్తుభ్ ఫోన్ మోగింది. ఎత్తినవాడు ఒక్కసారిగా కుర్చీలోంచి లేచాడు.

“నీరజ్! అతని దగ్గర బ్యాకప్ ప్లేట్స్ ఉన్నాయంట! కాలిఫోర్నియాలో చేయించాడంట! తెస్తున్నాడు ఆంటీ, టుమారో డెమో చేయొచ్చు!”

పద్మజగారు అక్కడికక్కడే లక్ష్మీదేవికి దణ్ణం పెట్టింది. సుమతి మాత్రం తేజేశ్వర్ వైపు తిరిగి, చిన్నగా, “దొరికాడు,” అంది. ఎవరు, ఎలా, అన్నది తేజేశ్వర్‌కి అంతుపట్టలేదు. అయినా ఆవిడ ఆ మాటంటే ఇక తిరుగుండదు.

* * *

అయిదింటికి అందరూ గరాజ్‌లో చేరారు. శ్రీధర్ గోడవారగా నిలబడ్డాడు. కౌస్తుభ్ అతని వైపు చూడలేదు. ఫోను మాత్రం చేతిలోనే పట్టుకున్నాడు.

నీరజ్ సూట్‌కేసు తెరిచి, గుడ్డలో చుట్టిన పలకల సెట్టు బయటికి తీశాడు. మెరిసిపోతున్నాయి. మూల మీద అతని పేరులోని మొదటి అక్షరం చెక్కి ఉంది.

“నేను ముందే అనుకున్నాను, ఏదైనా జరిగితే బ్యాకప్ ఉండాలని. ప్రాబ్లమ్ సాల్వ్డ్. ఒకటే రిక్వెస్ట్ కౌస్తుభ్. పేటెంట్ అప్లికేషన్‌లో ఇన్వెంటర్స్ దగ్గర నా పేరు కూడా పెట్టాలి. ఈ ప్లేట్స్ నేను చేయించినవి కదా. ఇట్స్ ఓన్లీ ఫెయిర్.”

“తప్పకుండా పెట్టాలి,” అంది సుమతి. కౌస్తుభ్ ఆశ్చర్యంగా చూశాడు. “నీరజ్, ఇవి ఎప్పుడు తయారయ్యాయి?”

“మంగళవారం వర్క్‌షాప్ నుంచి తీసుకున్నాను ఆంటీ. అప్పట్నుంచీ సూట్‌కేస్‌లోనే ఉన్నాయి.”

“ఎవరైనా వాడారా?”

“లేదు. బ్రాండ్ న్యూ.”

“ఇంతకు ముందు ఈ గరాజ్‌లో ఎప్పుడైనా బయటికి తీశావా?”

“నో. ఇప్పుడే ఫస్ట్ టైమ్.”

“తేజా, రాసుకున్నావా?” అని సుమతి ప్రెస్ దగ్గరికి నడిచింది. “సరే. ఇప్పుడు ఈ మారిన పలకల సంగతి చూద్దాం. మార్చినవాడు జాగ్రత్తపరుడు. కొలతలు సరిపోయాయి, రంగు సరిపోయింది. అసలు పలక మీద బొట్టుంది కదా, లేకపోతే ఎవరైనా గుర్తుపడతారని, ఇదిగో ఈ భరిణెలో కుంకుమ తీసి బొట్టు కూడా పెట్టాడు. అక్కడే బోల్తా పడ్డాడు. పద్మజగారూ, పసుపూ కుంకుమా రెండు వారాలపాటు రోజూ పొయ్యి మీద పెడితే ఎలా ఉంటాయి?”

“మాడిపోతాయి,” అన్న పద్మజగారు టక్కున పలక వైపు చూసింది. “అయ్యో, నా కళ్ళు మండ! ఇది ఇప్పుడే పెట్టినట్టుందే!”

“డెమోకని నువ్వే ఫ్రెష్‌గా పెట్టావనుకున్నాను అమ్మా,” అన్నాడు కౌస్తుభ్.

“నలభై సార్లు రెండొందల ఇరవై డిగ్రీలు కాగిన బొట్టు నల్లబడి పెచ్చులూడింది. రేష్మ తుప్పు అనుకున్నది దాన్నే. కౌస్తుభ్, శ్రీధర్ రోజూ దాన్ని చూస్తూనే ఉన్నారు. వాళ్ళలో ఎవరు పలక మార్చినా నల్లటి మచ్చ పెడతారు, లేదా ఊరుకుంటారు. రేష్మ అసలు పూజకే రాలేదు. అక్కడ ఒకప్పుడు ఎర్రటి బొట్టు ఉండేదని ఆ పిల్లకి తెలియనే తెలియదు. అంటే, కొత్త బొట్టుని చూసి, మాడిన బొట్టుని చూడని మనిషి ఒకడే. పూజ రోజు ఫొటో తీసుకుని విమానం ఎక్కి, నిన్న పొద్దున దిగినవాడు. పలకలు మార్చాల్సిన తొందరలో, బోల్టులు తీస్తున్న చేతుల్లో ఉన్న పాత పలక అంచు వైపు చూడనైనా చూడలేదు. ఫొటోలో ఉన్నట్టు పెట్టేశాడు.”

అందరి తలలూ నీరజ్ వైపు తిరిగాయి. తేజేశ్వర్‌కి చప్పట్లు కొట్టాలనిపించి, నోట్‌బుక్ గట్టిగా పట్టుకున్నాడు.

నీరజ్ నవ్వాడు. “బొట్టు చూసి దొంగని పట్టేస్తారా ఆంటీ? కోర్టులో చెప్పండి, నవ్వుతారు. శ్రీధర్ బ్యాగ్‌లో ఏముందో మాత్రం ఎవరూ అడగరు!”

“నేను అడిగాను,” అంది సుమతి. “శ్రీధర్‌గారూ, చెప్పండి. ఒట్టు వేయించుకున్నావిడే ఇప్పుడు చెప్పమంటున్నారు.”

పద్మజగారు తలూపింది. శ్రీధర్ కౌస్తుభ్ వైపు తిరిగాడు. ఎంత చిన్నబోయి చెప్పాడో, అంత వివరంగానూ చెప్పాడు. నాలుగు కిలోల నువ్వులు, పగిలిన సంచి, రంధ్రాల్లోకి దిగిన నూనె, అన్నీ. కౌస్తుభ్ ముఖం మొదట ఎర్రబడింది. “నా ప్రెస్‌లో ఫుడ్? డెమోకి త్రీ డేస్ ముందు? ఆర్ యు క్రేజీ?”

“తప్పే,” అన్నాడు శ్రీధర్. “నమ్రతకి పాలు పడటం లేదురా. ఇంకేం తోచలేదు.”

సుమతి నీరజ్ తెచ్చిన పలకల సెట్టుని కౌస్తుభ్ చేతికిచ్చింది. “బిగించు. రెండొందల ఇరవైకి పెట్టు.”

“ఎందుకు? రేపు చేద్దాం!” నీరజ్ ముందుకి వచ్చాడు. తేజేశ్వర్ మర్యాదగానే అడ్డం నిలబడ్డాడు. అతనికి ఇప్పుడు అంతా వెలిగింది, నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

నాలుగు బోల్టులు, ఒక ప్లగ్గు. నల్లడబ్బా మీద అంకెలు ఎక్కడం మొదలుపెట్టాయి. వంద. నూట ముప్ఫయి. నూట డెబ్భై దాటేసరికి పద్మజగారి ముక్కుపుటాలు అదిరాయి. రెండొందల దగ్గర రేష్మ కూడా తల ఎత్తింది. రాడ్ల రంధ్రాల దగ్గర సన్నగా తడి మెరిసి, చిన్న పొగ లేచింది. కమ్మటి నువ్వుల నూనె వాసన గరాజ్ అంతా నిండిపోయింది. నువ్వుండలు చేస్తున్న వంటింట్లో నిలబడినట్టుంది.

“మంగళవారం నుంచి సూట్‌కేసులోనే ఉన్న పలకల్లోకి, బుధవారం ఈ గరాజ్‌లో కారిన నూనె ఎలా వచ్చింది నీరజ్?” అంది సుమతి నెమ్మదిగా. “నువ్వు బయటంతా తళతళలాడేలా తోమావు, పేరు కూడా చెక్కించావు. లోపలికి గుడ్డ వెళ్ళదు. కాలిఫోర్నియాలో చేయించింది ప్రెస్ మీద దొరికిన నకిలీది. నిన్న పొద్దున మార్చింది నువ్వే. దొంగతనం శ్రీధర్ మీదికి పోతే మంచిదే, పోకపోయినా రక్షకుడివి నువ్వే. ఇన్వెంటర్ అనిపించుకోవాలన్న కోరిక ఇంత పనికి తెచ్చింది.”

నీరజ్ కూలబడ్డాడు. “ఎయిట్ మంత్స్ నేనూ ఇక్కడే ఉన్నాను,” అన్నాడు. “ప్రతి కాల్ నేనే చేశాను. అందరూ కౌస్తుభ్, కౌస్తుభ్. నా పేరు ఎక్కడా లేదు.”

“నన్ను అడగొచ్చు కదా!” అని అరిచాడు కౌస్తుభ్. ఎనిమిదేళ్ళ స్నేహం మరి. ఫోన్ ఎత్తి నంబరు నొక్కబోయాడు.

“చెయ్యి,” అన్నాడు నీరజ్. “పోలీసులు వస్తే నేనూ చెప్తాను. హెచ్-వన్‌లో ఉన్న వాడితో వీడ్ మెషీన్‌కి కోడ్ రాయించావని. ఈ బాక్స్ ఎవరిదో చెప్తాను.”

శ్రీధర్ ముఖం పాలిపోయింది. అయినా అతనే ముందు మాట్లాడాడు. “చెయ్యి కౌస్తుభ్. నీ కష్టంరా ఇది. నాదేముంది, చూసుకుందాం.”

కౌస్తుభ్ శ్రీధర్‌ని చూశాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు.

“ఆంటీ, పోలీస్ వద్దు. వాట్ ఎల్స్ కెన్ ఐ డూ?”

సుమతికి కోపం వచ్చింది. దొంగని పట్టుకుని వదిలెయ్యడమంటే ఆవిడకి గొంతులో ముల్లు దిగినట్టుంటుంది. అయినా తేజేశ్వర్ నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి నీరజ్ ముందు పెట్టింది. పలకలు తను మార్చానని, ఆ ఆవిష్కరణలో తనకి ఏ భాగమూ లేదని అతనే రాశాడు. సంతకం చేశాడు. చెప్పులు వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా, ఖాళీ సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

తేజేశ్వర్‌కి అప్పుడు కేకలు వెయ్యాలనిపించింది. గెలిచారు! ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉంది. పద్మజగారు శ్రీధర్ చేతులు పట్టుకుని ఏడుస్తోంది, మునగాకు వేసి వండమని చెబుతోంది. రేష్మ ఎప్పుడూ లేనిది చప్పట్లు కొట్టింది.

కౌస్తుభ్ మాత్రం స్క్రూడ్రైవర్ తీసుకుని ప్రెస్ దగ్గర కూర్చున్నాడు. నల్లడబ్బాకి ఉన్న వైర్లు ఒక్కొక్కటే విప్పాడు. అరలోంచి కొట్లో కొన్న మామూలు కంట్రోలర్ తీసి దాని స్థానంలో బిగించాడు. డబ్బా తెచ్చి శ్రీధర్ చేతిలో పెట్టాడు.

“ఇది నీతో తీసుకెళ్ళు. లాప్‌టాప్‌లో కోడ్ అంతా డిలీట్ చేస్తాను. నీ పేరు ఎక్కడా ఉండదు. గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఈ గరాజ్‌కి రావద్దు.”

“ఆ కంట్రోలర్ అయిదు డిగ్రీలు అటూ ఇటూ కొట్టుకుంటుందిరా,” అన్నాడు శ్రీధర్. “రేపు వాళ్ళ ముందు...”

“ఐ నో. ప్లేట్స్ మంచివి. మేనేజ్ చేస్తాను.” కౌస్తుభ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. “ఐ యామ్ సారీ శ్రీధర్. నిన్ను దొంగ అన్నాను.”

ఒకడు చెయ్యని పనికి పేరు కావాలని ఇంత చేశాడు, చేసినవాడి పేరు ఇప్పుడు తుడిచెయ్యాల్సి వస్తోంది. తేజేశ్వర్‌కి ఇందాకటి ఉత్సాహం చల్లారిపోయింది. సుమతి కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడింది.

శ్రీధర్ ఎనిమిది నెలల పనిని చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. ఆగాడు.

“రేపు పలకలు సరిగ్గా కాగితే ఒక మెసేజ్ పెట్టరా.”

“మెసేజ్ పెట్టను,” అన్నాడు కౌస్తుభ్. “ఫోన్ చేస్తాను.”